పావుగంటే ఉంది, ఏ ప్రాణాయామం చేయాలి?

జూన్ 21 యోగా దినోత్సవం కోసం ఆయుష్ శాఖ రూపొందించిన ఉమ్మడి కార్యక్రమంలో ఆసనాలయ్యాక కపాలభాతి, నాడీశోధన, శీతలి, భ్రామరి వరసగా వస్తాయి. 2025లో ఆ వేడుకకు విశాఖ సాగరతీరమే ప్రధాన వేదిక కావడంతో ఆంధ్రాలో ఊరూరా శిక్షణ జరిగింది. అంతకుముందు ప్రాణాయామం జోలికే వెళ్లనివాళ్లు కూడా ఇప్పుడు ఈ నాలుగు పేర్లూ చెప్పగలరు. అయితే మైదానంలో అందరితో కలిసి ఒక పూట చేయడం వేరు, ఇంట్లో రోజూ చేయడం వేరు. పిల్లల క్యారేజీలకూ ఆఫీసు బస్సుకూ మధ్య దొరికేది పావుగంట. అందులో నాలుగూ తలా కాసేపు చేస్తే ఏదీ వంటపట్టదు. ఒకటో రెండో ఎంచుకోవాల్సిందే.

మా సలహా ముందే చెప్పేస్తాం. ఏ జబ్బూ లేనివాళ్లయినా, బీపీ, షుగరు ఉన్నవాళ్లయినా మొదట పట్టుకోవాల్సింది ఊపిరి బిగబట్టకుండా, ముక్కులు మార్చి మార్చి చేసే నాడీశోధన. రాత్రి నిద్ర పట్టనివాళ్లు దానికి తుమ్మెద నాదంతో ఊపిరి వదిలే భ్రామరి జోడించుకోవాలి. పొట్టతో గాలి విసిరే కపాలభాతి కొందరికే, నోటితో చల్లగా పీల్చే శీతలి కొన్ని నెలలకే. ఎందుకిలా అంటున్నామో తెలియాలంటే ఊపిరి ఒంట్లో ఏం చేస్తుందో కాస్త చూడాలి.

ఆక్సిజన్ కోసం కాదు

ప్రాణాయామం చేస్తే ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ అందుతుందని తరచూ వింటాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి వేలికి పల్స్ ఆక్సీమీటర్ తగిలిస్తే, ఊరికే కూర్చున్నప్పుడే 96 నుంచి 99 మధ్య చూపిస్తుంది. అక్కడ కొత్తగా నింపడానికి పెద్దగా చోటు లేదు. జరిగేది వేరు.

మామూలుగా పెద్దవాళ్లు నిమిషానికి 12 నుంచి 18 సార్లు, ఒక్కోసారి దాదాపు అర లీటరు చొప్పున గాలి పీలుస్తారు. ప్రతిసారీ అందులో సుమారు 150 మిల్లీలీటర్లు ముక్కు, గొంతు, శ్వాసనాళాల్లోనే ఆగిపోయి, రక్తాన్ని తాకే చోటిదాకా వెళ్లకుండానే వెనక్కి వచ్చేస్తుంది. నిమిషానికి 15 సార్లు పీలిస్తే లోపలికి పోయేది ఏడున్నర లీటర్లు, అక్కరకొచ్చేది 5.25 లీటర్లు. అదే 6 సార్లు, లీటరు చొప్పున నిదానంగా పీలిస్తే పోయేది 6 లీటర్లు, అక్కరకొచ్చేది 5.1. దాదాపు అంతే పని, సగం కన్నా తక్కువ ఊపిరులతో జరిగిపోతోంది.

అసలు లాభం గుండె దగ్గర ఉంది. గాలి పీల్చేటప్పుడు గుండె కొద్దిగా వేగం పుంజుకుంటుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. ఆ నెమ్మది మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం చలవ. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నాలుగైదు ఊపిరులు నిదానంగా తీస్తే చాలామందికి ఈ తేడా వేలికే తెలిసిపోతుంది. ఊపిరి నిమిషానికి ఆరు దగ్గరికి వచ్చినప్పుడు ఈ ఎగుడుదిగుడు బాగా పెరుగుతుంది, రక్తపోటును ఎప్పటికప్పుడు సరిదిద్దే యంత్రాంగం కూడా చురుగ్గా స్పందిస్తుంది. జపమాల తిప్పుతూ చేసే క్రైస్తవ ప్రార్థన, ‘ఓం మణిపద్మే హుం’ మంత్రం, రెండూ శ్వాసను సరిగ్గా ఆ ఆరు దగ్గరికే తెస్తున్నాయని 2001లో ఇటలీ పరిశోధకులు చూపించారు. ప్రార్థన ఏదైనా, ఒంటికి అందేది ఆ నిదానమే.

రెండో సంగతి, వదిలే ఊపిరి పొడవు. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు రోజుకు 5 నిమిషాల చొప్పున నెల రోజులు కొన్ని పద్ధతులను పోల్చి చూశారు. ధ్యానం, పీల్చడం, బిగబట్టడం, వదలడం, మళ్లీ బిగబట్టడం సమానంగా సాగే ‘బాక్స్ బ్రీతింగ్’, వేగంగా గాలి పీల్చే పద్ధతి, పీల్చిన దాని మీద ఇంకాస్త పీల్చి నోటితో పొడవుగా వదిలే నిట్టూర్పు పద్ధతి. మనసు తేలికపడటంలో నిట్టూర్పుదే పైచేయి అయింది. నాడీశోధనలో, భ్రామరిలో మనవాళ్లు రేచకాన్ని (వదలడాన్ని) పూరకం (పీల్చడం) కన్నా పొడిగించమనేది ఎందుకో దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాబట్టి ఏ పద్ధతి ముందుకొచ్చినా రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఊపిరిని నెమ్మది చేస్తుందా? వదిలే సమయం పీల్చే సమయం కన్నా ఎక్కువా? నాడీశోధన, భ్రామరి, గొంతు కాస్త బిగించి చేసే ఉజ్జాయి మూడింటికీ అవుననే జవాబు వస్తుంది. కపాలభాతి, పీల్చడమూ వదలడమూ బలంగా చేసే భస్త్రిక దారి వేరు. అవి ఒంటిని లేపుతాయి, నెమ్మదింపజేయవు.

నాడీశోధన: రోజూ చేయడానికి

కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు అరచేతిలోకి మడవండి. బొటనవేలు కుడి ముక్కుకు, ఉంగరపు వేలు ఎడమ ముక్కుకు. ముక్కు ఎముక అయిపోయి మెత్తన మొదలయ్యే చోట వేలు ఆనాలి. కిందికి, ముక్కుపుటం అంచు దగ్గర నొక్కితే ముక్కు వంకర పోతుంది, రెండో వైపు దారి కూడా ఇరుకవుతుంది. గట్టిగా నొక్కక్కర్లేదు, గాలి ఆగితే చాలు.

కుడివైపు మూసి ఎడమతో 4 లెక్కపెడుతూ పీల్చండి. ఎడమ మూసి కుడితో 6 లెక్కపెడుతూ వదలండి. మళ్లీ కుడితోనే 4 పీల్చి, ఎడమతో 6 వదలండి. ఇది ఒక ఆవృత్తి. అంకెకు ఒక సెకను అనుకుంటే ఆవృత్తికి 20 సెకన్లు, నిమిషానికి మూడు. 15 ఆవృత్తులకు 5 నిమిషాలు పడుతుంది, ఊపిరి దానంతటదే నిమిషానికి ఆరు దగ్గర ఉంటుంది. రెండు మూడు వారాలు ఇది హాయిగా సాగాక 4 పీల్చి 8 వదిలే లెక్కకు వెళ్లొచ్చు. అంతకుమించి పొడిగించాలని తొందరపడొద్దు.

శక్తికి మించి లాగుతున్నారో లేదో ఒక్క గుర్తుతో తేలిపోతుంది. రేచకం అయ్యాక వచ్చే పూరకం దూకినట్టు, ఆత్రంగా వస్తోందా? వస్తే లెక్క పెద్దదైపోయింది. 3 పీల్చి 4 వదలండి, సిగ్గుపడాల్సిన పనిలేదు. ముక్కు దగ్గర శబ్దం వస్తున్నా అదే అర్థం. చెంతనే కూర్చున్నవాళ్లకు కూడా మీ ఊపిరి వినపడకూడదు.

రెండు ఇబ్బందులు అందరికీ ఎదురవుతాయి. మూడు నిమిషాలయ్యేసరికి కుడి చెయ్యి బరువెక్కి మోచెయ్యి కిందికి జారుతుంది, దాంతోపాటు తల కుడివైపు వాలుతుంది, మెడ పట్టేస్తుంది. ఎడమ అరచేతిని కుడి మోచేతి కింద ఆనించుకుంటే సరిపోతుంది. రెండోది, ఒక ముక్కు మూసుకుపోయి ఉండటం. జలుబు లేకపోయినా కొన్ని గంటలకోసారి ఒక ముక్కు బిగుసుకుని రెండోది తెరుచుకోవడం చాలామందిలో ఉన్నదే, రోగమేమీ కాదు. సన్నటి దారి ఉంటే దాంతోనే లెక్క తగ్గించి చేయండి. పూర్తిగా దిమ్మేసుకుపోతే ఆ పూట వేళ్లు పెట్టకుండా, రెండు ముక్కులతోనే 4 పీల్చి 6 వదలండి. మనం చెప్పుకున్న లాభంలో ఎక్కువ భాగం అలా కూడా దక్కుతుంది. ఏ ముక్కుతో అన్నదానికన్నా ఎంత నిదానంగా అన్నదే పెద్ద సంగతి.

ఇక కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం. సంధ్యావందనం చేసేవాళ్లకు పూరకం, కుంభకం, రేచకం కొత్త మాటలు కావు. గ్రంథాలు చెప్పే 1:4:2 నిష్పత్తి, అంటే 4 పీల్చి 16 బిగబట్టి 8 వదలడం, వీడియో చూసి మొదలుపెట్టే సంగతి కాదు. గురువు ఎదురుగా ఉండి, ఏళ్ల సాధన మీద చేరుకోవాల్సిన లెక్క అది. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు కుంభకం జోలికి పోవద్దు. బిగబట్టినప్పుడు ఛాతీలో ఒత్తిడి మారి, దాంతో రక్తపోటూ ఎగుడుదిగుడవుతుంది.

భ్రామరి: మనసు ఆగనప్పుడు, నిద్ర రానప్పుడు

లెక్కపెట్టడం చిరాకు పుట్టించేవాళ్లకు ఇదే మంచిది. ముక్కుతో నిండుగా పీల్చి, పెదవులు మూసి, పళ్ల మధ్య కాస్త సందు ఉంచి, ‘మ్‌మ్‌మ్’ అని తుమ్మెదలా సన్నగా నాదం చేస్తూ వదలాలి. నాదం ఆగేదాకా ఊపిరి పోతూనే ఉంటుంది కాబట్టి రేచకం ఎవరూ చెప్పకుండానే పూరకానికి రెండు మూడింతలవుతుంది. పిల్లలకు, పెద్ద వయసువాళ్లకు తేలిగ్గా పట్టుబడటానికి కారణం ఇదే. 5తో మొదలుపెట్టి 10 సార్లదాకా చేయొచ్చు.

చెవి రంధ్రం ముందున్న చిన్న మెత్తటి రెక్కను చూపుడు వేలితో లోపలికి మూస్తే నాదం తలంతా నిండుతుంది. వేలు చెవి లోపలికి దూర్చకూడదు. మిగతా వేళ్లు కనురెప్పల మీద పెట్టే ముద్రలో చాలామంది కనుగుడ్లను నొక్కేస్తుంటారు. అది తప్పు. వేళ్లు తగిలీ తగలనట్టుండాలి, గ్లాకోమా ఉన్నవాళ్లు అసలు పెట్టకపోవడమే మేలు. గొంతు పెంచి గట్టిగా చేస్తే పెదవులు అదిరి, రెండు నిమిషాలకే గొంతు ఎండిపోతుంది. పక్కగదిలో నిద్రపోయేవాళ్లు లేవనంత సన్నగా చాలు. చెవిలో చీము, నొప్పి ఉన్న రోజుల్లో మానేయండి.

నాదంతో ఇంకో మేలు ఉంది. ముక్కు చుట్టూ ఉన్న సైనస్ గదుల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. ఊరికే ముక్కుతో వదిలినప్పటికన్నా నాదం చేస్తూ వదిలినప్పుడు అది సుమారు 15 రెట్లు ఎక్కువగా బయటికి వస్తుందని స్వీడన్‌లోని కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు 2002లో కొలిచారు. అంటే ఆ గదుల్లోకి గాలి రాకపోకలు బాగా జరుగుతున్నాయన్నమాట. సైనసైటిస్ నయమైపోతుందని దీని అర్థం కాదు. కానీ తరచూ ముక్కు దిబ్బడతో బాధపడేవాళ్లకు నాడీశోధన కన్నా భ్రామరి హాయిగా సాగుతుంది.

కపాలభాతి: ముందు మీకు తగునో లేదో చూసుకోండి

అందరికన్నా ఎక్కువ పేరు దీనికే ఉంది, ఎక్కువ పొరపాట్లూ దీంట్లోనే. హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథం దీన్ని ప్రాణాయామాల్లో చేర్చలేదు, ధౌతి, బస్తి, నేతి లాంటి ఆరు శుద్ధి క్రియల్లో ఒకటిగా చెప్పింది. అంటే ఇది అసలు సాధనకు ముందు చేసుకునే తయారీ. దీన్నే పూర్తి సాధన అనుకుని రోజుకు అరగంట చేయడం ఆ ఉద్దేశానికే విరుద్ధం.

బీపీ అదుపులో లేనివాళ్లు, గుండెజబ్బు, హెర్నియా, మూర్ఛ, గ్లాకోమా, నడుం డిస్కు సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు, సిజేరియన్ గానీ మరే పొట్ట ఆపరేషన్ గానీ అయి ఇంకా కుదుటపడనివాళ్లు చేయకూడదు. పుల్లటి తేన్పులు, ఛాతీలో మంట ఉన్నవాళ్లకు పొట్ట మీద పడే ఒత్తిడితో ఆమ్లం పైకి తన్నుతుంది. బహిష్టు రోజుల్లో ఆపేయమనే సంప్రదాయాన్ని పాటించడంలో నష్టమేమీ లేదు. ఉన్నట్టుండి గుండె దడ, భయం కమ్ముకొచ్చే పానిక్ సమస్య ఉన్నవాళ్లు దీన్నీ భస్త్రికనూ దూరం పెట్టాలి. వేగపు ఊపిరే ఆ దాడిని రేపగలదు.

ఇవేవీ లేవా? అయితే ఇలా చేయండి. ముందు ముక్కు చీది శుభ్రం చేసుకోండి, మూసుకున్న ముక్కుతో విసురుగా వదిలితే ఒత్తిడి చెవుల్లోకి తన్నుతుంది. కుడి అరచెయ్యి బొడ్డు మీద పెట్టండి. మామూలుగా పీల్చి, బొడ్డును ఒక్కసారి వెన్ను వైపు లాగుతూ ముక్కుతో గాలిని విసరండి. వెంటనే పొట్ట వదిలేయండి. గాలి దానంతటదే లోపలికి వస్తుంది, మీరు పీల్చకూడదు. సెకనుకు ఒకటి చొప్పున 20. అరనిమిషం మామూలు ఊపిరి. మళ్లీ 20. మొదటి రెండు వారాలు రెండు మూడు విడతలతో ఆపేయండి.

విసిరినప్పుడు చేతి కింద పొట్ట లోపలికి పోవాలి. ముందుకు పొంగితే తిరగబడి చేస్తున్నట్టు. భుజాలు ఎగురుతున్నా, ముఖం చిట్లుతున్నా బలం పొట్ట నుంచి రావట్లేదు. అన్నిటికన్నా మామూలు తప్పు, పీల్చడం కూడా బలంగా చేయడం. అప్పుడది కపాలభాతి కాదు, భస్త్రిక. అలా పెద్ద పెద్ద ఊపిరులు వేగంగా తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడు రక్తనాళాలు సన్నబడతాయి, కళ్లు తిరుగుతాయి, వేళ్ల కొసలు, పెదవులు తిమ్మిరెక్కుతాయి. దీన్ని ‘శక్తి ప్రసరిస్తోంది’ అని చెప్పేవాళ్లున్నారు. దయచేసి నమ్మొద్దు. అది ఆపమని ఒళ్లు చెప్పే మాట. ఆపి, మామూలుగా ఊపిరి తీస్తూ కూర్చుంటే కాసేపట్లో సర్దుకుంటుంది.

నిమిషానికి 120 కొట్టే పందేలు, రోజుకు వెయ్యి అనే లక్ష్యాలు మనకొద్దు. శక్తికి మించి కపాలభాతి చేసి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన ఒక మహిళ ఉదంతం 2004లో వైద్య పత్రికకెక్కింది. అలా జరగడం చాలా అరుదు, కానీ పంతానికి పోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ ఒక్కటి చాలు. పొట్ట కరుగుతుందన్న ఆశతో మొదలుపెట్టేవాళ్లకు ఇంకో మాట: కండరం కదిలిన చోటే కొవ్వు కరగదు. పొద్దున్నే మత్తు వదిలి చురుకు రావడానికి, నాడీశోధనకు ముందు ముక్కు తేలికపడటానికి ఇది పనికొస్తుంది. ఆ మేరకే చేయండి. సాయంత్రం ఆరు దాటాక వద్దు, నిద్ర చెడుతుంది.

శీతలి, శీత్కారి: ఎండాకాలపు నేస్తాలు

నాలుకను గొట్టంలా చుట్టి దానిగుండా పీల్చి, నోరు మూసి ముక్కుతో వదిలితే శీతలి. నాలుక చుట్టడం అందరికీ రాదు, ఎంత ప్రయత్నించినా కొందరికి రాదంతే. వాళ్లు పళ్లు దగ్గరగా పెట్టి సందుల్లోంచి ‘స్‌స్’ అని పీల్చే శీత్కారి చేసుకోవచ్చు. పళ్లు జివ్వుమనేవాళ్లు మాత్రం అదీ మానుకోవాలి. 8 నుంచి 10 సార్లు చాలు.

చల్లదనం నాలుక మీది తడి ఆవిరవడం వల్ల వస్తుంది. అందుకే రెంటచింతల, రామగుండం పొడి ఎండల్లో తెలిసినంత చల్లన, కాకినాడ ఉక్కపోతలో తెలియదు. నోటికి, మనసుకు హాయేగానీ ఒంటి వేడిని ఇది దించలేదు. వడదెబ్బ తగిలినవాళ్లను కూర్చోబెట్టి శీతలి చేయించొద్దు, నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నోటితో పీల్చే గాలికి ముక్కులో జరిగే వడపోత ఉండదు కాబట్టి రోడ్డు పక్క బాల్కనీల్లో, దుమ్ములో, పొగమంచులో వద్దు. ఆస్తమా, జలుబు, దగ్గు ఉన్నవాళ్లకు, చలికాలానికి ఇది తగదు.

ఉజ్జాయి గురించి ఒక్క మాట. అద్దం మీద ఆవిరి పట్టించడానికి ‘హా’ అని వదులుతాం కదా, అదే గొంతు బిగువుతో నోరు మూసి ముక్కుతో పీల్చి వదలడమే ఉజ్జాయి. చేతులు అక్కర్లేదు, కళ్లు మూయక్కర్లేదు. బస్సులో, డాక్టరు గది బయట, పరీక్ష హాల్లో ఎవరికీ తెలియకుండా చేసుకోవచ్చు. పావుగంట కూడా దొరకనివాళ్లు దీన్ని పట్టుకోండి.

మీ సంగతికి ఏది?

బీపీ ఉంటే పొద్దున 10 నిమిషాలు నాడీశోధన 4:6 లెక్కలో, రాత్రి భ్రామరి. నిదానపు ఊపిరితో బీపీ కొంత తగ్గొచ్చు, అది మాత్రకు తోడేగానీ బదులు కాదు. అంకెలు తగ్గాయని మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు, నెల రోజుల రీడింగులు రాసుకుని డాక్టరుకు చూపించండి. ఆందోళన, పానిక్ ఉన్నవాళ్లకు భ్రామరి, అది కుదరని చోట ఉజ్జాయి. కళ్లు మూస్తే భయం పెరిగేవాళ్లు తెరిచే చేయొచ్చు. ఆస్తమా ఉంటే నాడీశోధన మెల్లగా, ఇన్‌హేలర్ చేతికందేలా పెట్టుకుని, ఛాతీ బిగుతుగా ఉన్న రోజు మానేసి. గర్భిణులకు కుంభకం లేని నాడీశోధన, భ్రామరి, అదీ డాక్టరుతో ఒక మాట అని. డెస్కు దగ్గర మధ్యాహ్నం కునుకుపాట్లు పడే కుర్రవాళ్లకు, పైన చెప్పిన జబ్బులేవీ లేకపోతే, పొద్దున కపాలభాతి రెండు విడతలు, ఆపైన నాడీశోధన.

రెండు మూడు కలిపి చేస్తే వరస ఎప్పుడూ ఒకటే: కపాలభాతి ముందు, నాడీశోధన మధ్యలో, భ్రామరి చివర. తిరగేస్తే నెమ్మదించిన ఒంటిని మళ్లీ లేపినట్టవుతుంది.

అన్నం తిన్నాక కనీసం మూడు గంటలు, ఇడ్లీ లాంటి తేలిక టిఫినైతే రెండు గంటలు ఆగాలి. నేల మీద కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా పైకి లేవకూడదు. లేస్తే నడుం వంగి, పొట్ట నొక్కుకుని ఊపిరి పైపైనే ఆడుతుంది. దుప్పటి మడిచి మూడు నాలుగు అంగుళాల ఎత్తు వేసుకుంటే తుంటి పైకొస్తుంది. కుర్చీ అయినా ఫర్వాలేదు, పాదాలు నేలకు ఆనాలి, వీపు వెనక్కి వాలకూడదు.

ఎంచుకున్నదాన్ని ఆరు వారాలు మార్చకుండా చేయండి. మొదలుపెట్టిన రోజున, ఆపైన వారానికోసారి, సాధనకు ముందు ఊరికే కూర్చుని నిమిషానికి ఎన్ని ఊపిరులో ఇంట్లోవాళ్ల చేత లెక్కపెట్టించి రాసుకోండి. మీరే లెక్కపెట్టుకుంటే ఊపిరి మారిపోతుంది. 17, 18 ఉన్నది 13, 14కు దిగితే దారి సరైనదే. అంకె కదలక, నిద్రలోనూ తేడా లేకపోతే మొదట లెక్కను 3:4కు తగ్గించి చూడండి, అప్పటికీ కుదరకపోతే నాడీశోధన బదులు భ్రామరికి మారండి.